పూజలో ఉన్న గాగుల్స్

ఆయుధపూజ నాడు లోకేశ్‌కు ఎడమ కన్ను పోయింది.

ఆ రోజు చిక్కబళ్ళాపురంలో ఏ గ్యారేజీలోనూ పని జరగదు. హైవే పక్కనున్న షెడ్లన్నీ పొద్దున్నే కడిగి, మామిడాకులు కట్టి, గుమ్మాలకు అరటి పిలకలు ఆనించి ఉంటాయి. పనిముట్లన్నిటినీ తుడిచి, బల్ల మీద పేర్చి, గంధం కుంకుమ పెట్టి హారతి ఇస్తారు. హారతి ఇచ్చాక, మర్నాడు విజయదశమి పొద్దున మళ్ళీ దీపం వెలిగించి పూజ దించేదాకా వాటిని ఎవరూ ముట్టరు. ఏడాదంతా చాకిరీ చేసిన ఇనుముకు ఆ ఒక్క రోజు విశ్రాంతి.

లోకేశ్ షెడ్డులో పూజ మిగతా షెడ్ల కంటే కొంచెం పెద్దది. అతనిది కార్ల ఏసీ పని. స్పానర్ల పక్కన ప్రెషర్ గేజీలు, వాటి ఎర్ర గొట్టం, నీలం గొట్టం, మధ్యలో చామంతి దండ వేసిన రికవరీ యంత్రం. ఏసీలో ఉన్న గ్యాసును గాలిలోకి వదిలేయకుండా లాగి సిలిండర్లోకి పట్టే యంత్రమది. బెంగళూరులో శిక్షణకు వెళ్ళి వచ్చాక, ఇంట్లో ఎవరేమన్నా వినకుండా దాన్ని కొన్నాడు. దాని ముందు చేతికి వేసుకునే తోలు తొడుగులు, గాగుల్స్. గాగుల్స్ ముక్కు మీద కూర్చునే చోట తల్లి రామలక్ష్మమ్మ గంధం పెట్టి, దాని మీద కుంకుమ బొట్టు పెట్టింది. చుట్టుపక్కల షెడ్లలో ఎక్కడా గాగుల్స్ పూజలో ఉండవు. ఆ షెడ్లలో అసలు గాగుల్సే ఉండవు.

హారతి అయి, గుమ్మడికాయ కొట్టి, రామలక్ష్మమ్మ ఇంటికి వెళ్ళిపోయిన తరువాత లోకేశ్ అక్క చైత్ర కారు తీసుకుని వచ్చింది. ఆమె బాగేపల్లి హైస్కూల్లో సైన్సు చెబుతుంది. ఆ వేసవిలోనే పాత కారొకటి కొనుక్కుంది. తమ్ముడు పెట్టిన బొరుగులు, బెల్లం నోట్లో వేసుకుంటూనే వచ్చిన పని చెప్పింది.

“ఏసీ చల్లగా రావడం లేదురా లోకా. కొంచెం చూడు.”

“రేపు చూస్తా అక్కా. పూజ దించినంక మొదటి పని నీదే.”

“రేపు తెల్లారకముందే చింతామణికి పోవల్ల. మా హెడ్ మేడం గృహప్రవేశం. ముగ్గురు టీచర్లు నా కార్లోనే వస్తాండారు.”

“తెల్లారకముందు పొయ్యే కారుకి ఏసీ ఏం చేసుకుంటావు? అద్దాలు దించితే ఊరికే వస్తాది చల్లగాలి.”

“వచ్చేది మధ్యాన్నం కదా. ఏసీ కారని చెప్పినా వాళ్ళకి.”

లోకేశ్ నవ్వాడు. “అట్ల చెప్పు. రిపేరి కారుకి కాదు, నీ మర్యాదకి.”

చైత్ర కూడా నవ్వింది. అయినా తాళంచెవి అతని చేతిలోనే పెట్టింది. అక్క చెప్పిన పనిని తమ్ముడు కాదన్న రోజు ఆ ఇంట్లో ఎప్పుడూ లేదు. చిన్నప్పుడు జంగమకోటెలో పట్టుపురుగుల మేతకు మల్బరీ ఆకు కోసే రోజుల నుంచి, ఏ వరస కోయాలో ఆమె చెప్పేది, అతను కోసేవాడు.

అతను బానెట్ ఎత్తి, సబ్బు నురగ తీసి గొట్టాల మీద రాశాడు. గ్యాసు పట్టే చోట ఉన్న మూత తీయగానే నురగలో సన్నటి బుడగలు లేచాయి.

“ఈడనే లీకు. వాల్వు పిన్ను పోయింది. మార్చల్లంటే ముందు గ్యాసంతా మిషన్‌తో లాగెయ్యల్ల. మిషన్ పూజలో ఉండాది.”

“మార్చొద్దు. బిగించి చూడు.”

“లోపల ప్రెషర్ పెట్టుకోని బిగించేది పద్ధతి కాదక్కా.”

“ఒక్క తిప్పు తిప్పితే పొయ్యేదానికి ఇంత పంచాంగమా? పూజలో లేని స్పానర్ ఒకటన్నా ఉండాది కదా.”

ఉంది. గూట్లో పాతది, పిన్ను తిప్పే చిన్న పనిముట్టు ఒకటి తుప్పు పట్టి పడి ఉంది. లోకేశ్ దాన్ని వెతికి తీశాడు. తీసి, కారు దగ్గరికి రాబోతూ పూజ బల్ల దగ్గర ఆగాడు.

“ఇదొక్కటి తీసుకుంటా. దేవుడేమీ అనుకోడులే,” అంటూ గాగుల్స్ మీదికి చెయ్యి చాచాడు.

చైత్ర అతని మణికట్టు పట్టుకుంది.

“వద్దురా. అమ్మ ఇప్పుడే కదా హారతి ఇచ్చిపోయింది. ఏడాది పొడుగునా చెప్తాది. ఒక్క నిమిషం పనికి అవి యాల?”

అతను ఒకసారి అక్క వైపు, ఒకసారి ఆ కుంకుమ బొట్టు వైపు చూసి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

పిన్ను తిరగలేదు. ఇంకొంచెం బలం పెట్టాడు. అది ఒక్కసారిగా ఊడి, ఎక్కడ పడిందో కూడా కనబడలేదు. దాని వెంట తెల్లటి ధార లేచింది. చైత్రకు ముందు వినబడింది బుస్సుమన్న చప్పుడు. తరువాత తమ్ముడు రెండు చేతులతో ముఖం మూసుకుని బంపర్ మీదికి వంగడం చూసింది. అతను అరవలేదు. “అక్కా, సలి,” అన్నాడు.

అతని చేతులు బలవంతాన తీసి, కన్ను నలపనివ్వకుండా, కొళాయి కింద తల పెట్టించి, ఆటో వచ్చేదాకా నీళ్ళు పోస్తూనే ఉంది. బెంగళూరు కంటి ఆసుపత్రిలో డాక్టరు ఆ సంగతి విని, మీరు చేసిందంతా సరిగ్గా చేశారమ్మా అన్నాడు. దెబ్బ తగిలాక చేసినదాని గురించే ఆయన అన్నాడు. ముందు చేసినదాన్ని గురించి ఆయన అడగలేదు.

అడిగింది లోకేశ్ భార్య నాగవేణి. పండక్కి చేస్తున్న ఓళిగల పిండి అంటిన చేతులతోనే వచ్చింది. ఆసుపత్రి వరండాలో భర్త మంచం పక్కన నిలబడి ఒకటే మాట అడిగింది.

“కంటద్దాలు యాడ పోయినాయి? ఊరందరికీ చెప్తావు కదా పెట్టుకోమని. నీవి యాడ పోయినాయి?”

లోకేశ్ కట్టు కట్టని కన్నుతో పైకప్పు చూస్తూ, “మరిచిపోయినా,” అన్నాడు.

చైత్ర మంచం అవతల ఉంది. ఆ మాట పడగానే తను మాట్లాడాలని ఆమెకు తెలుసు. రామలక్ష్మమ్మ తలమీద చెయ్యి వేసుకుని కింద కూర్చుని ఉంది. నర్సు మందుచీటీ పట్టుకుని పిలుస్తోంది. చైత్ర ఆ చీటీ తీసుకుని మందుల షాపుకు వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి ‘మరిచిపోయినా’ అన్న మాట ఇంట్లో అందరి మాట అయిపోయింది.

చూపు రాలేదు. కన్ను మాత్రం ఉంది, పాలు కలిసిన నీళ్ళలా.

సంక్రాంతికి ముందే లోకేశ్ షెడ్డు మళ్ళీ తెరిచాడు. ఒంటికన్నుతో దూరం తెలియడం కొత్తగా నేర్చుకోవాలి. బోల్టు మీదికి చాచిన చెయ్యి దాని పక్క గాలిని పట్టుకునేది. అతను నవ్వి మళ్ళీ చాచేవాడు. ఆదివారాల్లో చైత్ర బాగేపల్లి నుంచి వచ్చి, పని లేకపోయినా షెడ్డులో స్టూలు మీద కూర్చునేది. ఆ నవ్వు చూడడం ఆమెకు కష్టంగా ఉండేది.

నాగవేణి మారిపోయింది. ముందు మొగుడి గురించి ఎవరేమన్నా ఊరుకునేది కాదు. ఇప్పుడు అందరికంటే ముందు తనే అనేది. “బోధన అంతా ఊరికి. ఇంటికి వచ్చేసరికి మరుపు,” అనేది. అన్నం వడ్డిస్తూ అనేది, కూరగాయలవాడి ముందు అనేది. లోకేశ్ తలవంచుకుని తినేవాడు.

మెకానిక్కుల సంఘం పెద్ద పాపన్న కూడా వెనక్కి తగ్గాడు. ఏసీ పని చేసేవాళ్ళందరికీ గ్యాసును జాగ్రత్తగా పట్టే పద్ధతి నేర్పించాలని ఆయన ఎప్పటినుంచో అనుకుంటున్నాడు. ఆ శిక్షణ లోకేశ్ చేతే ఇప్పించాలని దసరాకు ముందే మాట కూడా ఇచ్చాడు. లోకేశ్ దానికోసం పాత కారు ఏసీ ఒకటి విడదీసి, ఏ భాగం ఏదో కనబడేలా చెక్కపలకకు బిగించి పెట్టుకున్నాడు. ఇప్పుడు పాపన్న షెడ్డుకు వచ్చి, ఆ పలకను చూడకుండా మాట్లాడాడు.

“ఏమనుకోవద్దు లోకేశూ. పిల్లోళ్ళు నవ్వుతాండారు. తన అద్దాలే పెట్టుకోనోడు మాకేం చెప్తాడు అంటాండారు. బెంగళూరు నుంచి ఎవరినన్నా పిలుస్తాం.”

“సరే అన్నా. వాళ్ళు అనేది కూడా నిజమే కదా,” అన్నాడు లోకేశ్.

చైత్ర ఆ రోజు స్టూలు మీదే ఉంది. తను ఒక్క వాక్యం అంటే పాపన్న ఆ పలక వైపు తిరుగుతాడు. కానీ ఆ మాట నాగవేణి దాకా కూడా వెళుతుంది. ఆమె తనను వదినా అని పిలిచే పిలుపు ఆ తరువాత ఎలా ఉంటుందో చైత్ర ఊహించుకుంది. ఊహించుకుని ఊరుకుంది. ఆమె కళ్ళు పూజ బల్ల వైపు పోయాయి. విజయదశమి పొద్దున అందరూ ఆసుపత్రిలో ఉండడంతో ఆ పూజ దించేవాళ్ళు లేకపోయారు. తరువాత లోకేశ్ పని పడ్డప్పుడల్లా ఒక్కో స్పానరూ తీసుకుపోయాడు. యంత్రాన్నీ, తొడుగులనూ తీసుకుపోయాడు. గాగుల్స్ మాత్రం ఎండిన చామంతుల మధ్య అలాగే ఉన్నాయి. అతను కొత్తవి కొనుక్కుని అవే పెట్టుకుంటున్నాడు.

బడిలో తొమ్మిదో తరగతికి బాష్పీభవనం పాఠం వచ్చింది. ప్రతి ఏడూ చైత్ర పిల్లల అరచేతుల వెనక స్పిరిట్ చుక్క వేసి, ఊదమని, చల్లగా ఉందా అని అడిగేది. పిల్లలు కిలకిలా నవ్వేవాళ్ళు. ఈసారి సీసా మూత తీసి, మళ్ళీ పెట్టేసి, పుస్తకంలోది చదివి వినిపించింది.

ఉగాది దాటాక పాపన్న ఆమెకు ఫోన్ చేశాడు.

“టీచరమ్మా, సంఘంలో తరబేతి, అదే ట్రైనింగు, పెట్టినాం. బెంగళూరాయప్ప మిషన్ గురించి చెప్తాడు. గ్యాస్ అంటే ఏంది, ఎందుకు కాలుస్తాది, మనోళ్ళకు తెలిసే మాటల్లో నువ్వు ఒక అర్ధగంట చెప్పల్ల.”

ఆమె ఒప్పుకుంది. ఫోన్ పెట్టేసిన తరువాత, అందరి ముందూ అసలు సంగతి చెప్పేయాలని కూడా అనుకుంది. బాగేపల్లి నుంచి చిక్కబళ్ళాపురం దాకా బస్సులో ఆ వాక్యాన్ని కూర్చుకుంటూ వచ్చింది. నా తమ్ముడు గాగుల్స్ తీసుకోబోతే నేను చెయ్యి పట్టుకున్నాను. అందులో తీసేయడానికి ఒక్క మాట కూడా లేదు.

సంఘం హాలు నిండింది. గౌరిబిదనూరు, చింతామణి, తొండేభావి నుంచి కూడా వచ్చారు. లోకేశ్ వెనక వరసలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. టీ, చిత్రాన్నం చూసే ఆడవాళ్ళతో నాగవేణి గుమ్మం దగ్గర ఉంది.

చైత్ర బాగానే చెప్పింది. “గొట్టంలో గ్యాసు ఒత్తిడికి నీళ్ళలాగా అణిగి ఉంటాది. బయటికి వస్తే మరుగుతాది. మన నీళ్ళు మరగాలంటే పొయ్యి కావాల. దీనికి పొయ్యి అక్కర్లేదు, పక్కన ఏది ఉంటే దాని వేడి లాక్కుంటాది. మీ వేలు ఉంటే వేలు. కన్ను ఉంటే కన్ను.” ఆమె ఆగకుండా చెప్పింది: ఒత్తిడి ఉండగా ఏ బిగింపూ కదపకూడదు. లీకు ఎక్కడో చూడకుండా మళ్ళీ గ్యాసు నింపకూడదు. గాలిలోకి వదిలితే మన ఎండలే ఇంకా ముదురుతాయి. అది గాలికంటే బరువు, గుంతలో దిగి పని చేసేవాడికి ఊపిరి అందకుండా చేస్తుంది. బీడీ దగ్గర, కర్పూరం దగ్గర వదిలితే విషపు పొగ అవుతుంది. కంట్లో పడితే నలపకుండా నీళ్ళు పోస్తూనే ఆసుపత్రికి పోవాలి.

ముందు వరసలో చంద్రు అనే కుర్ర మెకానిక్ చెయ్యెత్తాడు. నోటి దురుసు తప్ప మనసులో ఏమీ ఉంచుకోనివాడు.

“అన్నీ సరే మేడం. ఇవన్నీ లోకేశన్న కూడా చెప్తాండె. గాగుల్స్ పెట్టుకోకుంటే షెడ్డులోకే రానిచ్చేవాడు కాదు. మరి ఆయనకేమాయె ఆ పొద్దు?”

కొందరు నవ్వారు. లోకేశ్ కూడా నవ్వి, “మరిచిపోయినా లేప్పా,” అనబోయాడు.

“మరిచిపోలేదు,” అంది చైత్ర.

హాలంతా ఆమె వైపు తిరిగింది. గుమ్మం దగ్గర నాగవేణి చేతిలోని గరిటె ఆగింది. బస్సులో కూర్చుకున్న వాక్యం నాలుక మీదే ఉంది.

“ఆ పొద్దు ఆయుధపూజ. గాగుల్స్ పూజలో ఉన్నాయి,” అంది. “హారతి ఇచ్చిన వస్తువు. తీయలేదు.”

ఎవరు తీయనివ్వలేదో చెప్పే రెండో సగం రాలేదు. ఆమె గ్లాసు ఎత్తి నీళ్ళు తాగింది.

ఎవరూ నవ్వలేదు. ఆ హాల్లో ప్రతివాడి షెడ్డులోనూ అలాంటి బల్ల ఒకటి ఉంది. చింతామణి నుంచి వచ్చిన వెంకటప్ప మెల్లగా, “నేనైనా తీయను. మా అవ్వ చంపేస్తాది,” అన్నాడు. ఇంకొకడు, “ఆ పొద్దు రిపేరి తెచ్చినోడు యావడప్పా, వాణ్ణి అనల్ల,” అన్నాడు. చైత్ర గ్లాసు కింద పెట్టింది. నీళ్ళు బల్ల మీద ఒలికాయి.

పాపన్న లేచాడు. గొంతు సవరించుకుని, ఈ ఏడాది నుంచి గాగుల్స్, తొడుగులు పూజలో పెట్టొద్దని, పెట్టాలనుకుంటే పాతవి పెట్టి కొత్తవి బయట ఉంచుకోవాలని చెప్పాడు. “కంటికి కూడా సెలవిస్తే ఎట్ల? వచ్చే నెల నుంచి తరబేతి లోకేశే చెప్తాడు. ఈ పొద్దు టీచరమ్మ మంచి మాట చెప్పింది,” అన్నాడు. చప్పట్లు కొట్టారు. ఆమె తల వంచుకుంది. అది వినయమనుకుని ఇంకా గట్టిగా కొట్టారు.

బయట నాగవేణి ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

“ఇన్నాళ్ళూ ఎన్ని మాటలన్నా వదినా. పెండ్లాన్ని, నాకన్నా చెప్పకూడదా ఆయప్ప? దేవుడి వస్తువని తీయలేదంట. నేనేమో మరుపని, పొగరని... నువ్వు చెప్పకపోతే చచ్చేదాకా అట్లనే అంటాంటిని.” ఆమె ఏడుస్తూనే నవ్వింది. “నీకెట్ల తీర్చుకునేది ఈ రుణం.”

ఆ చేతులు వెచ్చగా, చిత్రాన్నం పసుపుతో ఉన్నాయి. చైత్ర వాటిని విడిపించుకోలేకపోయింది.

మధ్యాహ్నం అక్కాతమ్ముళ్ళు షెడ్డుకు నడిచి వచ్చారు. కాఫీ తెస్తానని నాగవేణి ఇంటి వైపు వెళ్ళింది. చైత్ర కారు ఒక మూల దుమ్ము కప్పుకుని ఉంది. ఆ పండగ నాటి నుంచి ఆమె దాన్ని తీసుకుపోలేదు.

“సగమే చెప్పినా లోకా,” అంది.

“విన్నా.”

“రిపేరి తెచ్చినోణ్ణి అనల్ల అన్నప్పుడన్నా చెప్పల్సింది. ఈ పొద్దు ఆయమ్మ నా చేతులు పట్టుకునింది.”

లోకేశ్ స్టూలు జరిపి అక్కకు ఇచ్చి, తను కారు బానెట్‌కు ఆనుకున్నాడు. “నువ్వు చెయ్యి పట్టుకున్నావు. నేను ఇడిపించుకోవచ్చు కదా? ప్రెషర్ ఉండగా బిగించకూడదని నాకు తెలీదా? నీకు నేను కాదని చెప్పలేదు. ఆ తప్పు నాది.”

“అట్ల పంచుకోవద్దు.”

అతను బానెట్ మీది దుమ్మును అరచేత్తో తుడిచాడు. “నాగవేణికి చెప్పు అంటే చెప్తావు. వద్దంటే ఊరుకుంటావు. ఈసారి నేనేమీ చెప్పను అక్కా. ఆ గాగుల్స్ మాత్రం దించు. దీపం పెట్టి దించు. నేను ఒంటరిగా దించబోతే మనసు రావడం లేదు.”

చైత్ర చేతులు కడుక్కుని, బల్ల మీది ఎండు పూలు తీసి ఒక కాగితంలో పెట్టింది. దీపం వెలిగించింది. గాగుల్స్ ఎత్తితే బల్ల మీద దుమ్ములో వాటి ఆకారం మిగిలింది. కొంగుతో గంధం తుడిచింది. కుంకుమ ఉన్నచోట ప్లాస్టిక్ మీద ఎర్రటి మచ్చ పోలేదు. తమ్ముడికి అందించింది. అతని చెయ్యి పక్కకు వెళ్ళింది. ఆమె గాగుల్స్‌ను ఆ చేతిలోకి తీసుకువచ్చి పెట్టింది.

అప్పుడే నాగవేణి కాఫీ ఫ్లాస్కు, చక్కెర డబ్బా పట్టుకుని వచ్చింది. వెలుగుతున్న దీపాన్నీ, ఖాళీ అయిన బల్లనూ చూసి, చెప్పులు విప్పి దండం పెట్టింది. “ఇన్నాళ్ళకు దిగింది పూజ,” అంది.

“నాగవేణీ,” అంది చైత్ర.

“ఏం వదినా?”

లోకేశ్ గాగుల్స్ వైపే చూస్తున్నాడు. తల ఎత్తలేదు.

“చక్కెర తక్కువ వెయ్యి,” అంది చైత్ర.

సాయంత్రం ఆమె కారు తీసుకుని బాగేపల్లికి బయలుదేరింది. అద్దాలన్నీ దించింది. దారి పొడుగునా దుమ్ము, లారీల పొగ లోపలికి వచ్చాయి. ఆమె మళ్ళీ ఎత్తలేదు. ఇంటి దగ్గర కారు ఆపి, స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కాసేపు కూర్చుంది.

ఊడిపోయిన వాల్వు పిన్ను స్థానంలో ఇంకా కొత్తది వేయలేదు. నాగవేణికి ఇంకా చెప్పలేదు.